గమ్మునుండండి సార్

ఎనిమిదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో ‘పీల్చలేము – తాగలేము’ అని ఒక పాఠం ఉండేది. ఆ పేరు బోర్డు మీద రాసి వెనక్కి తిరిగేసరికి పిలకాయలు ఒక్కరూ బోర్డు వైపు చూడటం లేదు. అందరి కళ్లూ కిటికీలోనే ఉన్నాయి. మా బడి కిటికీలోంచి పొగగొట్టాలు కనపడతాయి. మూడో బెంచీలో కూర్చునే పిల్లవాడు లేచి, “సార్, ఇది మనూరి పాఠమేనా?” అని అడిగాడు.

ఆ రోజు నేనిచ్చిన జవాబు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను. “ముందు నోట్సు రాసుకోండి. వాయు కాలుష్య కారకాలు నాలుగు మార్కులకు వస్తాయి” అన్నాను. వాడు కూర్చున్నాడు. అందరూ తలలు వంచుకుని కార్బన్ మోనాక్సైడ్, సల్ఫర్ డయాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు అని రాసుకున్నారు. కిటికీ రెక్క మీద వేలు పెట్టి గీస్తే గీత పడేంత దుమ్ము ఉంది.

నెల్లూరు తీరాన ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏళ్ల తరబడి జీవశాస్త్రం చెప్పినవాణ్ణి. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడ ఇంకా పనిచేస్తున్న తోటి ఉపాధ్యాయులకూ చదువుకుంటున్న పిల్లలకూ తిప్పలు. ఫలానా గొట్టం ఫలానా వాళ్లదని వేలు పెట్టి చూపించడానికీ ఇది రాయడం లేదు, అది కొలిచి తేల్చాల్సిన వాళ్లు వేరే ఉన్నారు. నా కడుపుమంటంతా ఒక్కటే. దేశంలో ఏ పిల్లలకైతే ఈ పాఠం అందరికంటే ముందు, అందరికంటే లోతుగా చెప్పాలో, సరిగ్గా ఆ పిల్లల దగ్గరే మేమంతా గొంతు తగ్గించి చెప్పాం. హెడ్మాస్టరు నుంచి పై అధికారుల దాకా, ఊరి పెద్దల నుంచి కన్నవాళ్ల దాకా అందరిదీ ఒకటే మాట, గమ్మునుండండి సార్.

ఈ తీరం చూడనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. నెల్లూరు నుంచి ముత్తుకూరు మీదుగా సముద్రం వైపు పోతే వరి మళ్లు, రొయ్యల గుంటలు, సర్వి తోపులు, ఆ తర్వాత కృష్ణపట్నం. 2008లో అక్కడ కొత్త ఓడరేవు తెరిచారు. ఆ తర్వాత బొగ్గు వచ్చింది, బొగ్గు వెంట కరెంటు కేంద్రాలు వచ్చాయి. నేలటూరు దగ్గర దామోదరం సంజీవయ్య థర్మల్ కేంద్రంలో 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. మూడోదాన్ని 2022 అక్టోబరులో జాతికి అంకితం చేశారు. పక్కనే పైనాపురం, అనంతవరం వైపు ప్రైవేటు కేంద్రాలు కలిపి 2,640 మెగావాట్లు. అంటే ఆ కాస్త మేరలోనే 5,000 మెగావాట్ల పైచిలుకు. కండలేరు క్రీకు అవతల తమ్మినపట్నంలో ఇంకో రెండు. 2022 ఏప్రిల్లో జిల్లాలు విడగొట్టినప్పుడు తమ్మినపట్నం తిరుపతి జిల్లాలోకి పోయింది. గొట్టాలు ఒకదానికొకటి కనపడేంత దూరంలోనే ఉన్నా అప్పట్లో కలెక్టర్లు ఇద్దరయ్యారు. ఇంకా దక్షిణాన చిల్లకూరు, కోట మండలాల్లో సిలికా ఇసుక తవ్వకాలు, గూడూరు పక్క పాత అభ్రకం గనులు. రాతి పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే మనిషి ఏమవుతాడో మా జిల్లాకు ఎవరో వచ్చి కొత్తగా చెప్పక్కర్లేదు. అభ్రకం గనుల్లో చేసినవాళ్ల దగ్గు విన్న ఇళ్లు ఆ పక్క చాలా ఉన్నాయి.

వీటన్నిటి నీడలో బతికేది ఎవరు? పట్టపు జాలర్ల పల్లెలు, యానాది సంఘాలు, దళితవాడలు, గుంటల కాడ కాపలా ఉండే కుటుంబాలు. వాళ్ల పిల్లలే మా బడికొచ్చేది. నెల్లూరులో ఇల్లు కొనుక్కోగలిగినవాడు ఎప్పుడో వెళ్లిపోయాడు. సార్లలోనూ చాలామంది పొద్దున నెల్లూరు నుంచి బస్సులో వచ్చి సాయంత్రం బస్సెక్కి పోయేవాళ్లమే. ఈ గాలిని ఆరేడు గంటలు పీల్చి ఇంటికి పోయేవాళ్లం మేము. ఇరవైనాలుగు గంటలూ పీల్చేవాళ్లు మా పిల్లలు.

పైరగాలి గురించి చెప్పాలి. వేసవిలో రోజంతా ఉడికిపోయాక, పొద్దు వాలే ముందు సముద్రం మీంచి చల్లగా ఒక గాలి లేస్తుంది. మా జిల్లాలో దాన్ని ప్రేమగా తలుచుకోని ముసలివాళ్లు ఉండరు. మంచాలు బయట వేసుకుని ఆ గాలి కోసం కాచుకుని ఉండేవాళ్లు. ఇప్పుడు పైరగాలి లేవగానే మా పిల్లల తల్లులు దండెం మీది గుడ్డలు తీసుకుని లోపలికి పరిగెత్తుతారు. తెల్ల యూనిఫారం చొక్కా మీద సన్నటి బూడిదరంగు పొర పడుతుంది. దులిపితే పోదు, ఉతికితే కొంచెం నల్లబడి అంటుకుంటుంది. “మా అవ్వ ఇప్పుడు పైరగాలిని తిడతా ఉండాది సార్” అని ఏడో తరగతి ఆడపిల్ల ఒకసారి చెప్పింది. నవ్వుతూనే చెప్పింది. నాకు మాత్రం ఆ మాట గుండెలో దిగబడిపోయింది.

సముద్రపు గాలి, నేల గాలి ఎందుకు వీస్తాయని పుస్తకంలో ఉంది, రెండు మార్కుల ప్రశ్న. అదే గాలి తీరాన ఇంకో పని చేస్తుందని మాత్రం ఉండదు. పెద్ద యూనిట్లకు 275 మీటర్ల చిమ్నీ కట్టించేది పొగ పైపైనే దూరంగా పోయి పలచబడుతుందని. కానీ ఎండెక్కే కొద్దీ సముద్రం మీంచి వచ్చే చల్లగాలి వేడి నేల తగిలి కింద సుళ్లు తిరుగుతుంది. నేల మీద లోపలికి పోయేకొద్దీ ఆ సుళ్లు పైపైకి పెరుగుతాయి. అవి పొగచాలును అందుకున్న చోట దాన్ని కిందికి లాగి నేల మీద పరుస్తాయి. వాతావరణ శాస్త్రజ్ఞులకు ఇది పాత సంగతి. పట్టపగలు, సరిగ్గా బడి జరిగే వేళల్లో జరిగే పని ఇది. మా పిల్లలకు ఇంతకంటే దగ్గర ప్రయోగశాల ఏముంది? తలెత్తి చూస్తే చాలు. చూడనివ్వలేదు మేము.

మొదట్లో నేనూ చూడనివ్వలేదు. ఆ మూడో బెంచీ పిల్లవాడి ప్రశ్న మాత్రం నన్ను నిద్రపోనివ్వలేదు. మరుసటి ఏడు తొమ్మిదో తరగతి వాళ్లతో ఒక చిన్న పని మొదలుపెట్టాను. తెల్ల అట్టలు పోస్టుకార్డంత సైజుకి కత్తిరించి, పెన్సిల్తో సెంటీమీటరు గళ్లు గీసి, పైన పల్చగా వాజలైన్ పూశాం. ఒకటి బడి వరండాలో, ఒకటి రోడ్డు పక్క చెట్టుకు, ఒకటి బావి కాడ, ఒకటి బీరువాలో తలుపు మూసి. వారం ఆగి తీసి భూతద్దం పెట్టి గళ్లు లెక్కపెట్టారు. బీరువాలోది తెల్లగా ఉంది. వరండాలోది, రోడ్డు పక్కది చూసి పిల్లలు మాట్లాడలేదు. నల్ల చుక్కలు, బూడిద చుక్కలు, మధ్యలో గాజు పూసల్లా మెరిసేవి.

వాళ్లకు అప్పుడొక సంగతి చెప్పాను. ఈ కనపడేవి పెద్దవి, వీటిలో ఎక్కువ భాగాన్ని ముక్కులో వెంట్రుకలూ గొంతులో తెమడా ఆపేస్తాయి. అసలు హాని చేసేవి రెండున్నర మైక్రాన్ల లోపువి, తల వెంట్రుక మందంలో ఇరవయ్యో వంతు కూడా ఉండవు. అవి ఏ అట్ట మీదా కనపడవు, ముక్కు దాటి, గొంతు దాటి, గాలిగదుల దాకా పోతాయి, అక్కడినుంచి నెత్తురులోకీ పోతాయి. అంతా విని ఒక పిల్ల అడిగింది, “కనపడేదే ఇంతుంటే కనపడంది ఎంతుంటాది సార్?”

ముప్పై ఏళ్ల ఉద్యోగంలో నన్ను ఎవరూ అంత మంచి ప్రశ్న అడగలేదు. దానికి జవాబు చెప్పడానికి నా దగ్గర యంత్రం లేదు.

ఆ వారం నుంచి పిల్లలు ఒక పాత రికార్డు పుస్తకం తీసి గళ్లు గీశారు. తేదీ. గాలి ఎటునుంచి. దండెం మీది గుడ్డలు ఎట్లా ఉన్నాయి. బడికి ఎవరు రాలేదు. ఎందుకు రాలేదు. ఆ ‘ఎందుకు’ గడిలో ఏం రాసేవాళ్లో చూడండి. ‘దగ్గు’. ‘ఆయాసం, ఆర్‌ఎంపీ దగ్గరికి పోయినాడు’. ‘చెల్లికి ఎగశ్వాస, అమ్మ నెల్లూరు తీసకపోయింది, ఇంట్లో తను ఉండాల’. ‘పెళ్లి’ అనీ ఉంది, ‘రొయ్యలు పడతన్నారు’ అనీ ఉంది. పిల్లలు నిజాయితీగా రాశారు. అన్ని దగ్గులూ పొగగొట్టం దగ్గులు కావని కూడా వాళ్లకు చెప్పాను. కట్టెల పొయ్యి పొగ ఉంది, దోమల బత్తి పొగ ఉంది, తండ్రి బీడీ ఉంది, కోత కోశాక తగలబెట్టే గడ్డి ఉంది. ఏది ఎంతో తేల్చడానికి ఆ పుస్తకం చాలదు. చాలదని తెలియడం కూడా చదువే. కొలవకుండా ఎవరినీ తప్పు పట్టకూడదనీ, కొలవకుండా ఎవరినీ మంచోళ్లనీ అనకూడదనీ తొమ్మిదో తరగతి పిల్లలకు అర్థమైంది. అర్థం కానిది పెద్దవాళ్లకే.

మండల స్థాయి సైన్స్ ప్రదర్శనకు ఆ అట్టలు, ఆ పుస్తకం పట్టుకుపోయాం. పిల్లలు రాత్రంతా కూర్చుని చార్టులు రాశారు. పొద్దున న్యాయనిర్ణేత ఒకాయన మా బల్ల దగ్గరికి వచ్చి, అట్టలు చూసి, చార్టు చూసి, నన్ను పక్కకు పిలిచాడు. “ఇవన్నీ మనకెందుకు సార్. పిలకాయలతో ఇట్టాంటివి చేయిస్తే రేపు ఎవరన్నా అడిగితే మీకే ఇబ్బంది. గమ్మునుండండి సార్” అన్నాడు. బెదిరింపుగా అనలేదు, ఎంతో ఆప్యాయంగా, నా మేలు కోరి అన్నాడు. చార్టును గోడ వైపు తిప్పించారు. ఆ ఏడు మొదటి బహుమతి నీళ్ల సీసాలతో చేసిన పూలకుండీకి వచ్చింది.

పూలకుండీ చేసిన పిల్లల తప్పేం లేదు. మా పిల్లలు మాత్రం ఆ మధ్యాహ్నం అన్నం పొట్లాలు విప్పలేదు. బస్సులో ఒకడు అడిగాడు, “మనం అబద్ధం రాసినామా సార్?”

ఏం చెప్పమంటారు నన్ను? అబద్ధం రాసినవాడికి భయం ఉండాలి. నిజం గళ్లు గీసి లెక్కపెట్టిన పద్నాలుగేళ్ల పిల్లవాడు ఎందుకు బిక్కచచ్చిపోవాలి?

ఈ వయసు గురించే నా ఆక్రోశం. మనిషి ఊపిరితిత్తులు పుట్టగానే పూర్తయ్యేవి కావు. హైస్కూలు వయసులోనే, ఎత్తు పెరిగే ఏళ్లలోనే అవీ చకచకా పెరుగుతాయి. గాలిగదులన్నీ విప్పి పరిస్తే దాదాపు 80 చదరపు మీటర్లని పదో తరగతిలో మేమే చెబుతాం. అంటే ఒక చిన్న ఇల్లంత. ఆ ఇల్లు కట్టుకునే ఏళ్లు ఇవే. అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియాలో 12 ఊళ్ల నుంచి 1,759 మంది పిల్లల్ని పదేళ్ల వయసు నుంచి పద్దెనిమిది దాకా ఏటా ఊపిరి ఊదించి కొలిచారు. 2004లో ఫలితాలు వచ్చాయి. సన్న ధూళి అతి తక్కువ ఉన్న ఊళ్లో 18 ఏళ్లకు ఊపిరి బాగా తగ్గినవాళ్లు నూటికి 1.6 మంది. అతి ఎక్కువ ఉన్న ఊళ్లో 7.9 మంది. దాదాపు అయిదు రెట్లు. ఆ తర్వాత అక్కడ గాలి బాగు చేసుకున్నారు. 2015లో మళ్లీ చూస్తే, తర్వాతి తరం పిల్లల్లో అట్లా వెనకబడ్డవాళ్లు సగానికి పైగా తగ్గిపోయారు. గాలి బాగుపడితే పిల్లల ఊపిరి బాగుపడుతుందని అంత స్పష్టంగా తేలింది. ఆ ఏళ్లు పోగొట్టుకున్న పిల్లవాడికి మాత్రం తర్వాత ఎవరు తెచ్చిస్తారు?

మా బడిలో ఏ ఒక్క పిల్లవాడి ఊపిరీ ఎవరూ ఊదించి కొలవలేదు. పీక్ ఫ్లో మీటరని ఒక ప్లాస్టిక్ గొట్టం ఉంటుంది, దాంట్లో గట్టిగా ఊదితే ముల్లు కదులుతుంది. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది. ఆటల పోటీలకు కప్పులు కొనే డబ్బుతో బడికి పది కొనొచ్చు. అడిగాను. “అది ఆరోగ్య శాఖ పని” అన్నారు. ఆరోగ్య శాఖ మనిషిని అడిగితే “కాలుష్యం కదా, పొల్యూషన్ బోర్డు వాళ్లది” అన్నాడు. బోర్డు దాకా పోతే “పిల్లల సంగతి విద్యాశాఖే చూసుకోవాలి” అన్నారు. ఎవరూ కసురుకోలేదు, టీ కూడా ఇచ్చారు.

బడికి పోయే దారిలో ఒక గేటు పక్కన ఎలక్ట్రానిక్ బోర్డు ఉండేది. ఎర్ర అంకెలు, ఇంగ్లీషు అక్షరాలు. దాని ముందు మా పిల్లలు రోజూ సైకిళ్ల మీద పోతారు. జనానికి తెలియాలనే ఆ బోర్డు పెట్టించేది. ఏ జనానికి తెలిసింది? మన దేశపు ప్రమాణం ప్రకారం పీఎం 2.5 రోజు సగటు ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు దాటకూడదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది 15. గొట్టంలోంచి వచ్చేదానికి కొలత వేరు, ఊళ్లో పీల్చే గాలికి కొలత వేరు. ఈ నాలుగు మాటలు చెప్పడానికి ఒక పీరియడ్ చాలు. చెప్పాక పిల్లలు ఆ బోర్డు ముందు ఆగి అంకెలు రాసుకోవడం మొదలుపెట్టారు. పది రోజులు రాసుకున్నారు. పదకొండో రోజు కాపలావాడు తరిమాడు. ఊళ్లో ఒక పెద్దమనిషి మా ఇంటి యజమానికి ఫోన్ చేసి, సార్‌కి కొంచెం చెప్పండన్నాడు.

డిసెంబరు 2 వస్తే మాత్రం బడిలో హడావుడే హడావుడి. భోపాల్ విషవాయువుకు చనిపోయినవాళ్ల జ్ఞాపకంగా జాతీయ కాలుష్య నియంత్రణ దినం. డ్రాయింగు పోటీ పెడతారు. భూమికి ముక్కూ మూతీ పెట్టి, కళ్లలోంచి నీళ్లు కారుతున్నట్టు వేస్తారు పిల్లలు. దూరాన ఎక్కడో ఢిల్లీలో మంచు, పొగ, మాస్కులు. కిటికీలోంచి కనపడే గొట్టాన్ని ఎవరూ వేయరు. వేయకూడదని వాళ్లకు ఎవరూ చెప్పలేదు, అయినా తెలిసిపోయింది. పోటీ అయ్యాక మిగిలిన కాగితాలు, ప్లాస్టిక్ కప్పులు, బిస్కెట్ కవర్లు బడి వెనక కుప్ప పోసి అగ్గిపుల్ల గీస్తారు. ఆ నల్ల పొగ ఆరో తరగతి గదిలోకి పోతుంది. ఆ కుప్ప ఆపమని పోట్లాడి ఆపించగలిగాను. ముప్పై ఏళ్లలో ఈ విషయంలో నేను గెలిచిందల్లా అదొక్కటే.

1991 నవంబరు 22న సుప్రీంకోర్టు ఎం.సి. మెహతా కేసులో పర్యావరణం బడుల్లో తప్పనిసరి పాఠం కావాలని చెప్పింది. సినిమా హాళ్లలో స్లైడ్లు కూడా వేయమంది. 2003లో మళ్లీ చెప్పాల్సి వచ్చింది, ఒకటి నుంచి పన్నెండో తరగతి దాకా సిలబస్ తయారు చేయమని ఎన్‌సీఈఆర్‌టీని ఆదేశించింది. పాఠాలు వచ్చాయి. 2022లో పిల్లలకు బరువు తగ్గిస్తామని అదే ఎన్‌సీఈఆర్‌టీ కత్తెర తీసింది. ఎనిమిదో తరగతిలో ‘గాలి, నీటి కాలుష్యం’ పాఠం మొత్తం పోయింది. పదో తరగతిలో ‘శక్తి వనరులు’ పాఠం పోయింది. పింగ్‌పాంగ్ బంతికి చీలికలు పెట్టి, ప్రెషర్ కుక్కర్ ఆవిరితో తిప్పి, థర్మల్ కేంద్రంలో కరెంటు ఎట్లా పుడుతుందో చూపించే ప్రయోగం అందులోనే ఉండేది. బొగ్గు మండితే ఏమవుతుందో అందులోనే ఉండేది. పిల్లల బరువు తగ్గించాలని ఇంత దయ పుట్టినవాళ్లకు, తీసేయడానికి దొరికినవి ఇవేనా? ఎవరి బరువు తగ్గింది అసలు?

ఇంకో కత్తెర సంగతి కూడా చెప్పనివ్వండి. 2015 డిసెంబరులో కేంద్రం థర్మల్ కేంద్రాలకు కొత్త పరిమితులు పెట్టింది. గొట్టంలోంచి పోయే సల్ఫర్ డయాక్సైడును కడిగేసే పరికరాలు రెండేళ్లలో బిగించాలంది. రెండేళ్లు ఏడేళ్లయ్యాయి, ఇంకా పొడిగించారు. చివరికి 2025 జులైలో దేశంలో దాదాపు 78 శాతం యూనిట్లకు అసలా పరికరమే అక్కర్లేదన్నారు. దేన్ని బట్టి విడదీశారు? దూరాన్ని బట్టి. పది లక్షలకు పైగా జనాభా ఉన్న నగరానికో, ఢిల్లీ రాజధాని ప్రాంతానికో పది కిలోమీటర్ల లోపు ఉంటే తప్పనిసరి. బాగా కలుషితమైన ప్రాంతాలకో, గాలి ప్రమాణాలు అందుకోలేని నగరాలకో పది కిలోమీటర్ల లోపు ఉంటే విడివిడిగా చూసి చెబుతారు. మిగతావాటికి మినహాయింపు. మా నెల్లూరు నగరం ఆ ప్రమాణాలు అందుకోలేని నగరాల జాబితాలో ఉంది. నేలటూరు నెల్లూరుకు పది కిలోమీటర్లు దాటే ఉంది. కాబట్టి గీత ఎక్కడ పడిందో చూడండి. గొట్టానికి పది కిలోమీటర్ల లోపు నగరం ఉందా అని కొలిచారు. గొట్టానికి పక్కనే బడి ఉందా అని కొలవలేదు. గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ పరిమితి లోపే ఉందిగా అన్నారు. ఆ వాయువు గాలిలో పోతూపోతూ సన్న ధూళిగా మారుతుందనీ, పీఎం 2.5లో అదీ ఒక వాటా అనీ మా తొమ్మిదో తరగతి పిల్లలు సమీకరణంతో సహా చెప్పగలరు. చెబితే వినేవాళ్లు కావాలి.

ఒక పిల్ల ఉండేది మా బడిలో. పదో తరగతి. ఇన్‌హేలర్‌ను జామెట్రీ బాక్సులో, వృత్తలేఖిని కింద గుడ్డలో చుట్టి దాచుకునేది. ఎవరన్నా చూస్తే పెళ్లి కాదని వాళ్లమ్మ చెప్పిందట. ఆయాసం వచ్చినప్పుడు మరుగుదొడ్ల వెనక్కి పోయి పీల్చుకుని వచ్చేది. ఒకరోజు అక్కడే కూలబడిపోయింది. పెదాలు నీలంగా తిరిగాయి. ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. ఒకరు నీళ్లు తాగిస్తామన్నారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపిస్తామన్నారు. జీవశాస్త్రం పాఠం చెప్పే నాకూ ఆ గొట్టాన్ని ఎట్లా పట్టి నొక్కాలో తెలియదు. శ్వాసవ్యవస్థ పటం కళ్లు మూసుకుని వేయగలను, భాగాలు గుర్తించగలను. ఆ పిల్లను వెనక్కి వాల్చకుండా కూర్చోబెట్టాలని, లెక్కపెట్టి మందు పీల్చాలని నాకు ఎవరూ నేర్పలేదు. ఆమె స్నేహితురాలు, సెలవుల్లో వాళ్లింట్లో పడుకున్న పిల్ల, వచ్చి మూత తీసి పీల్పించింది. బతికింది. ఆ మధ్యాహ్నం నేను స్టాఫ్ రూములో కూర్చుని నా చేతులు చూసుకున్నాను, చాలాసేపు వణికాయి.

లండన్‌లో ఎల్లా కిస్సీ-డెబ్రా అని తొమ్మిదేళ్ల పాప ఉబ్బసంతో 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. ఇల్లు రద్దీ రోడ్డు పక్కన. ఏడేళ్లు తల్లి పోరాడితే 2020 డిసెంబరులో, మరణ కారణాలు విచారించే కరోనర్ తీర్పు వచ్చింది. ఆ పాప మరణానికి గాలి కాలుష్యం ఒక కారణమని అధికారికంగా రాశారు. ఆయన ఇంకో మాటా రాశారు. గాలితో ఉబ్బసం ముదురుతుందనే సమాచారం తల్లికి ఎవరూ ఇవ్వలేదనీ, ఇచ్చి ఉంటే బిడ్డ చావును తప్పించగల జాగ్రత్తలు ఆమె తీసుకునేదనీ. చెప్పకపోవడం కూడా ఆ పాప చావుకు తోడై ఉండొచ్చని ఒక న్యాయాధికారి రాశాడు. ఆ తీర్పు చదివినప్పుడు ప్రదర్శనలో గోడ వైపు తిప్పిన మా పిల్లల చార్టు నా కళ్ల ముందుకు వచ్చింది.

దూరం దేనికి, విశాఖలోనే చూశాం. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో పక్క ఫ్యాక్టరీలోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీద పడింది. సైరన్ మోగలేదు. జనం నిద్రలోంచి లేచి తోచిన దిక్కుకు పరిగెత్తారు, రోడ్ల మీదే పడిపోయారు. 12 మంది పోయారు. గోడ పక్కన ఏముందో, అది బయటికి వస్తే గాలికి ఏ పక్కగా పోవాలో, తడిగుడ్డ ముక్కుకు అడ్డం పెట్టుకోవాలని, ఆ ఊరి హైస్కూలు పిల్లలకు ఏ సంవత్సరమైనా ఎవరైనా ఒక గంట చెప్పి ఉంటే? ఆ గంట ఎవరి చేతిలో ఉంది? మా చేతిలోనే ఉంది, ఉపాధ్యాయుల చేతిలో. మేము మార్కుల కోసం ఖర్చు పెట్టేశాం.

గాలి కాలుష్యం వల్ల మన దేశంలో 2019లో ఒక్క ఏడాదే 16.7 లక్షల మంది పోయారని లాన్సెట్ ప్లానెటరీ హెల్త్ పత్రికలో లెక్క వచ్చింది. ఈ అంకె నేను క్లాసులో చెప్పాను. పిల్లలు వింటారు, కానీ అంత పెద్ద అంకె ఎవరికీ తగలదు. వాళ్లకు తగిలింది తమ పుస్తకంలో ‘ఎందుకు రాలేదు’ అనే గడి.

పిల్లలకు ఈ చదువు చెబితే భయపడతారంటారు. పిల్లలు భయపడరు, నేను చూశాను. గాలి దిక్కు చూసి మధ్యాహ్నం పీటీ పీరియడ్ పొద్దునకు మార్పించిందీ వాళ్లే, ఇంటికి పోయి కట్టెల పొయ్యి పైన కిటికీ పెట్టించిందీ వాళ్లే, ఇన్‌హేలర్ తీసుకునేవాళ్లను ఎగతాళి చేస్తే ఊరుకునేది లేదని తీర్మానం చేసుకుందీ వాళ్లే. ఒకడు ప్రజాభిప్రాయ సేకరణ నోటీసు చూసి, తెలుగులో ఇచ్చే సారాంశం వాళ్ల నాయనకు చదివి వినిపించాడు. భయం ఉన్నదల్లా మాకే. పిల్లవాడు బోర్డు మీది అంకె చదివి “ఇది ఎక్కువ కదా” అంటాడని మా భయం. ఆ మాటకు జవాబు చెప్పాల్సిన చోట్లన్నీ ఖాళీగా ఉన్నాయని వాడికి తెలిసిపోతుందని మా భయం. గాలి గురించి చెబితే కరెంటుకు, ఉద్యోగాలకు, అభివృద్ధికి అడ్డమంటారు. ఆ కరెంటుతోనే మా ఇళ్లలోనూ దీపాలు వెలుగుతున్నాయి, ఎవరూ ఆర్పమనలేదు. టిప్పరు మీద పట్టా కప్పమన్నాం. బూడిద ఎండి లేవకుండా తడపమన్నాం. గాలి కొలిచి, తెలుగులో రాసి, బడి గోడకు అంటించమన్నాం. ఊపిరి ఊదించి చూడమన్నాం. ఇవి అడిగినందుకు నాకు ‘ఆయన అదో టైపు’ అని పేరొచ్చింది.

ఆ బడి వదిలి వచ్చేటప్పుడు సైన్సు గది బీరువా తాళాలు అప్పజెబుతూ కింది అరలో చూశాను. వాజలైన్ అట్టలు పాత దినపత్రికలో చుట్టి ఉన్నాయి. ఎండిపోయి, చుక్కలు అలాగే ఉన్నాయి. పక్కన ఆ రికార్డు పుస్తకం. పేజీలు తిప్పాను. చివరి ఏడు పిల్లలు కొత్తగా ఒక గడి గీసుకున్నారు, నాకు తెలియకుండా. స్కేలు పెట్టి, నీలం ఇంకుతో, పైన గుండ్రటి అక్షరాలతో ‘ఎవరికి చెప్పినాం’ అని రాసి ఉంది. మొదటి వరుసలో ‘సార్‌కి’ అని ఉంది. దాని కింద డిటో. దాని కింద డిటో. పేజీ తిప్పితే మళ్లీ పైన ‘సార్‌కి’, కింద చివరి దాకా డిటో, డిటో, డిటో.